మట్టి లాంతరు తరగతి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా వినాయక నిమజ్జనాలు అయ్యాయో లేదో, మట్టి లాంతర్ల తరగతి ఎప్పుడని ఫోన్లు మొదలవుతాయి. అడిగే ప్రశ్నలు దాదాపు అవే. అడిగేవారికి ఎలా చేయాలన్నది కావాలి, నేనేమో ఎప్పుడు చేయాలో చెబుతుంటాను. ఎందుకలా చెబుతానో కింది జవాబుల్లో మీకే తెలుస్తుంది. తరగతికి వచ్చే ముందు ఒకసారి చదివి రండి. మొదటి గంట నాకు మిగులుతుంది, ఆ గంట మీ లాంతరుకే ఖర్చు పెడతాను.

ఇంతవరకు మట్టి పని చేయలేదు. నాకు వస్తుందా?

చపాతీ ఒత్తడం వచ్చా? అయితే వస్తుంది. గుండ్రంగా రాకపోయినా ఫరవాలేదు, ఇక్కడ మనకు కావలసింది నలుచదరపు పలకే.

కుమ్మరి సారె మీద చేయిస్తారా?

లేదు. సారె మీద మట్టిని మధ్యకు తెచ్చి నిలపడానికే కొత్తవారికి వారాలు పడుతుంది. కొద్ది తరగతుల్లోనే మీ చేతికి లాంతరు రావాలంటే పలక పద్ధతే సరైనది. పైగా సారె మీద లేచిన పాత్ర గోడ అంతటా ఒకే మందంలో ఉండాలంటే చేయి బాగా తిరిగి ఉండాలి. అప్పడాల కర్రతో ఒత్తిన పలకకు ఆ బాధ లేదు. సారె తిప్పాలని సరదాగా ఉంటే తరగతి అయ్యాక పావుగంట తిప్పుకోండి, ఎవరూ వద్దనరు.

ఒక్క రోజులో చేసి ఇంటికి తీసుకెళ్లవచ్చా?

కుదరదు. మొదటి శనివారం పలక ఒత్తి లాంతరు నిలబెడతాం. మర్నాడు ఆదివారం చిల్లులు కోస్తాం. ఆ తరువాత అది ఆరాలి, కాలాలి, చల్లారాలి. మీ చేతికి వచ్చేసరికి మూడు వారాలు, ముసురు పట్టిందంటే నాలుగు. దీపావళికి కావాలంటే దసరా నాటికి చేసి ఉండాలి. దీపావళి వారంలో ఫోన్ చేసేవారికి నేను చెప్పగలిగింది ఒకటే: కార్తీక మాసం చివర్లో కూడా లాంతరు వెలుగుతుంది.

ఏ మట్టి వాడతారు? మా పెరట్లో మట్టి పనికి వస్తుందా?

కుండలు చేసే కుటుంబం దగ్గర చెరువు మట్టి కొంటాం. నానబెట్టి, వడకట్టి, పిసికిన మట్టి అది. అందులో సన్నని ఇసుకా, కాల్చిన పెంకుల పొడీ కలుపుతాం. పొడి కలిపితే మట్టి కాస్త గరుకుగా ఉంటుంది గానీ తక్కువ కుంచించుకుపోతుంది, తేలిగ్గా బీటలివ్వదు. కొత్త చేతులకు నున్నటి మట్టి కంటే గరుకు మట్టే మేలు.

పెరటి మట్టిని మీరే పరీక్షించుకోవచ్చు. తడి చేసి చిటికెన వేలంత తాడుగా పాముకొని, మీ వేలికి ఉంగరంలా చుట్టండి. చీలకుండా చుట్టుకుంటే బంక ఉన్నట్టు. ఎర్ర నేలల్లో చాలాచోట్ల చీలిపోతుంది. నల్లరేగడి చక్కగా చుట్టుకుంటుంది గానీ ఆరేటప్పుడు విపరీతంగా కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. వేసవిలో పత్తి చేలు చూసినవారికి ఈ మాట వివరించనక్కరలేదు.

నేను ఏమేమి తెచ్చుకోవాలి?

పాత నూలు బట్ట, పాత టూత్ బ్రష్, ఒక ఫోర్కు. ఉంగరాలు ఇంట్లో తీసి పెట్టి, గోళ్లు కత్తిరించుకుని రండి. పని అయ్యాక చేతులు పొడిబారతాయి. కొబ్బరి నూనె సీసా మా దగ్గర ఉంది.

అసలు లాంతరు ఎలా నిలబడుతుంది?

ఒక్కొక్కరికి రెండు కిలోల మట్టి ఇస్తాం. బల్ల మీద నూలు బట్ట పరిచి, దాని మీద మట్టిముద్ద పెట్టి, రెండు పక్కలా 8 మిల్లీమీటర్ల మందమున్న చెక్కపట్టీలు ఉంచి అప్పడాల కర్రతో ఒత్తుతారు. కర్ర పట్టీల మీద ఆనిందంటే పలక మందం సరిపోయినట్టే. బట్ట లేకుండా ఒత్తితే మట్టి బల్లకు అతుక్కుని, లేపేటప్పుడు సాగిపోతుంది. అలా సాగిన చోటును మట్టి మరిచిపోదు, ఆరేటప్పుడు సరిగ్గా అక్కడే వంకర తిరుగుతుంది.

పలకను 40 సెంటీమీటర్ల పొడవు, 18 సెంటీమీటర్ల ఎత్తు ఉండేలా కోస్తాం. ప్లంబర్లు వాడే 110 మిల్లీమీటర్ల పీవీసీ పైపుకు పాత వార్తాపత్రిక చుట్టి, దాని మీద ఈ పలకను చుడతాం. కలిసే అంచులు రెండింటినీ ఏటవాలుగా కోసి, ఫోర్కుతో అడ్డదిడ్డంగా గీట్లు పెట్టి, చిక్కటి బురద రాసి నొక్కుతాం. గీట్లు లేకుండా బురద మాత్రమే రాస్తే ఆ రోజుకు అతుక్కున్నట్టే ఉంటుంది, ఆరాక దానంతట అదే విడిపోతుంది. కొత్తవారి లాంతర్లలో విరిగేవి ఎక్కువగా ఈ అతుకు దగ్గరే విరుగుతాయి. తరువాత కింద గుండ్రటి అడుగు అతికించి, లోపలి మూలలో సన్నటి మట్టి తాడు పెట్టి వేలితో అదుముతాం.

పైపును ఎప్పుడు తీయాలన్నది ముఖ్యం. మట్టి తన కాళ్ల మీద తాను నిలబడగానే, అంటే అరగంట నుంచి గంటలోపు తీసేయాలి. ఆరుతున్న మట్టి బిగుసుకుంటుంది, పైపు బిగుసుకోదు. ఓసారి మధ్యాహ్నం భోజనానికి వెళ్లి కబుర్లలో పడి రెండున్నర గంటల తరువాత వచ్చాను. ఆరు లాంతర్లు నిలువునా చీలి కనిపించాయి. తప్పు నాదే కాబట్టి ఆ ఆరుగురితో మళ్లీ చేయించాను.

చిల్లులు వెంటనే కోస్తే ఏమవుతుంది? మర్నాటి దాకా ఎందుకు ఆగాలి?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

పచ్చి మట్టిలో కత్తి దించితే, కత్తి వెంట మట్టి కూడా వస్తుంది. చిల్లు అంచు చిరుగుతుంది, పైనున్న గోడ బరువుకు కిందికి దిగుతుంది. గుండ్రంగా కోసింది కోడిగుడ్డు ఆకారంలోకి మారుతుంది. పూర్తిగా ఆరిన మట్టిలో కోద్దామంటే బిస్కెట్టులా పెళుసుగా పెచ్చులూడిపోతుంది. ఈ రెండింటి మధ్య ఒక పాకం ఉంది. మేం దాన్ని సబ్బు పాకం అంటాం. వేలితో నొక్కితే సొట్ట పడదు, గోటితో గీస్తే గీత పడుతుంది. కత్తి పెడితే కొత్త సబ్బు బిళ్ల కోసినట్టు నున్నగా తెగుతుంది. కోసిన ముక్క వేలికి అంటకుండా, విరగకుండా లోపలికి రాలి పడుతుంది. ఆ చిన్న టప్ అనే చప్పుడు వినిపిస్తే పాకం కుదిరినట్టే.

ఆ పాకం ఎన్ని గంటలకు వస్తుందంటే గడియారం చూసి చెప్పలేను. మేలో అయితే నాలుగు గంటలకే దాటిపోతుంది, ఆగస్టు ముసురులో మర్నాటి సాయంత్రానికి గానీ రాదు. అందుకే శనివారం రాత్రి లాంతర్లన్నిటినీ ప్లాస్టిక్ కవర్లలో వదులుగా కప్పి, నేను పడుకునే ముందు ఒకసారి, తెల్లవారి ఒకసారి గోటితో గీసి చూస్తాను. బెల్లం పాకం పట్టేటప్పుడు మా అమ్మ నీళ్ల గిన్నెలో చుక్క వేసి చూసేది. ఇదీ అలాంటి పనే.

డిజైన్ మీరు ఇస్తారా, మేమే గీసుకోవాలా?

మీదే. అయితే కాగితం మీద అందంగా ఉన్నదల్లా మట్టిలో నిలవదు. చిల్లుకూ చిల్లుకూ మధ్య కనీసం మీ చిటికెన వేలంత మట్టి మిగలాలి. పై అంచు నుంచి రెండు వేళ్లు, అడుగు నుంచి రెండు వేళ్లు వదిలేయాలి. చదరాలు, త్రికోణాలు కోసేవారు మూలలను కొంచెం గుండ్రంగా తిప్పాలి, ఎందుకంటే బీట ఎప్పుడూ మొనదేలిన మూల నుంచే బయలుదేరుతుంది.

పూలూ నెమళ్లూ గీసుకొచ్చేవారు ఎక్కువ. కిందటేడు ఒక అమ్మమ్మగారు మనవరాలిని దిగబెట్టడానికి వచ్చి, ఖాళీగా కూర్చోలేక తానూ ఒక పలక తీసుకున్నారు. కాగితం ఏదీ తేలేదు. పుల్లతో లాంతరు చుట్టూ వరసకు ఇన్నని చుక్కలు పెట్టుకుంటూ వెళ్లారు, ధనుర్మాసంలో వాకిట్లో ముగ్గు పెట్టినట్టే. చివరి వరస వచ్చి మొదటి వరసతో సరిగ్గా కలిసింది. ఎలా కలిసిందని అడిగితే “లెక్క తప్పితే ముగ్గు మూసుకోదు కదమ్మా” అన్నారు. చుక్కలున్న చోట జ్యూస్ స్ట్రాతో చిల్లు పొడిచారు, మెలికల గీతలను కోయకుండా పుల్లతో గాడిగా మాత్రమే గీశారు. ఆ బ్యాచ్‌లో అన్నిటికంటే గట్టి లాంతరు అదే. చుక్కల ముగ్గులో చుక్కకూ చుక్కకూ మధ్య ఎడం ముందే ఉంటుంది, మట్టికి కావలసిందీ అదే. డిజైన్ తోచకపోతే మీ ఇంటి ముగ్గుల పుస్తకం తెరవండి.

పోయినసారి చేసిన లాంతరుకు బోలెడు చిల్లులు పెట్టాను. గోడ మీద నీడలే రాలేదు, ఎందుకని?

మూడు కారణాల్లో ఒకటి. మొదటిది, మీరు పెట్టిన చిల్లు గోడ మందం కంటే చిన్నదై ఉంటుంది. 8 మిల్లీమీటర్ల గోడలో 4 మిల్లీమీటర్ల చిల్లు పొడిస్తే అది చిల్లు కాదు, గొట్టం. ఎదురుగా ఉన్న కంటికే వెలుగు కనిపిస్తుంది, పక్కకు తప్పుకుంటే చీకటే. చిల్లును కనీసం గోడ మందమంత వెడల్పు చేయండి, లేదా లోపలి అంచును చెంచాతో కాస్త గీకి విశాలం చేయండి.

రెండోది, లోపల పెట్టిన దీపం. సీరియల్ లైట్ల తీగ ఉండలా చుట్టి పెడితే ఇరవై చోట్ల నుంచి వెలుగు వస్తుంది. ఒక బల్బు నీడను మరో బల్బు చెరిపేస్తుంది. ఒకే చిన్న జ్వాల గానీ, ఒకే చిన్న బల్బు గానీ పెడితే అంచులు తేటగా పడతాయి.

మూడోది ఎత్తు. జ్వాలకు ఎదురుగా ఉన్న చిల్లుల వెలుగు తిన్నగా గోడ మీదికి వెళ్తుంది. పై చిల్లులది సాగుతూ కప్పు వైపు ఎక్కుతుంది, కింది వాటిది బల్ల మీద పడుతుంది. డిజైన్ నడిమికి జ్వాల వచ్చేలా దీపం కింద ఒక ప్రమిద బోర్లించి చూడండి. అందుకే నేను తరగతిలో కోసే ముందే ఖాళీ పైపు పక్కన దీపం వెలిగించి చూపిస్తాను. కోశాక చూస్తే మట్టి మళ్లీ పూడదు.

ఎండలో పెడితే త్వరగా ఆరుతుంది కదా?

ఆరుతుంది, పగులుతుంది కూడా. పై అంచుకు గాలి బాగా తగిలి ముందు ఆరుతుంది. అడుగు ఇంకా తడిగా ఉంటుంది. ఒకటి కుంచించుకుపోతూ రెండోది కదలకపోతే మధ్యలో బీట ఇస్తుంది. నీడలో, ఫ్యాను కిందకాకుండా, పై అంచుకు తడిబట్ట కప్పి, ఇనుప జాలీ మీద ఆరబెడతాం. పది రోజులు తక్కువలో తక్కువ. ఆరిందో లేదో తెలియాలంటే చెంపకు ఆనించండి. చల్లగా తగిలితే లోపల ఇంకా నీరుంది.

ఆరి, కాలేసరికి మొత్తం మీద దాదాపు పదో వంతు చిన్నదవుతుంది. 18 సెంటీమీటర్ల లాంతరు 16 సెంటీమీటర్లకు వస్తుంది. బల్బు హోల్డరు కోసం 40 మిల్లీమీటర్ల రంధ్రం కావాలంటే పచ్చి మట్టిలో 45 కోయాలి. ఈ లెక్క చెప్పినా వినకుండా 40 కోసిన ఇంజనీరు ఒకరు ఆకురాయి పట్టుకుని మళ్లీ వచ్చారు.

ఆవంలో (మట్టి కాల్చే బట్టీలో) లాంతర్లు పేలుతాయట, మట్టిలో గాలి బుడగల వల్లేనా?

నిందంతా బుడగ మీద వేస్తారు గానీ, అసలు దోషి నీరు. మట్టిలో మిగిలిన తడి 100 డిగ్రీలు దాటగానే ఆవిరై, బయటికి దారి లేక గోడను బద్దలు కొడుతుంది. పూర్తిగా ఆరిన మట్టిలో బుడగ ఉన్నా సాధారణంగా ఏమీ కాదు. మట్టి పిసకమని నేను పోరేది మందం, తడి అంతటా సమానంగా ఉండాలని.

మాది కరెంటు ఆవం. ముందు రాత్రంతా 90 డిగ్రీల దగ్గర ఉంచి మిగిలిన తడి పోగొడతాం. తరువాత గంటకు వంద డిగ్రీల చొప్పున నిదానంగా 600 దాటిస్తాం, ఎందుకంటే ఆ దారిలో మట్టి లోపల రసాయనికంగా కలిసి ఉన్న నీరు కూడా వదిలిపోతుంది, 573 డిగ్రీల దగ్గర ఇసుకలోని క్వార్ట్జ్ ఒక్కసారిగా ఉబ్బుతుంది. చివరికి 980 దగ్గర ఆపుతాం. చల్లారడానికి ఇంకో రోజు. చూడాలన్న ఆత్రంతో 300 దగ్గర తలుపు తెరిస్తే చల్లగాలి తగిలి టింగు టింగుమని బీటలు పడే చప్పుడు మీకే వినిపిస్తుంది.

ఇంట్లో ఓవెన్‌లో కాల్చుకోవచ్చా?

లేదు. ఇంటి ఓవెన్ సాధారణంగా 250 డిగ్రీలకు మించదు. అక్కడ మట్టి బాగా ఎండుతుంది, అంతే. నీళ్లలో వేస్తే మళ్లీ బురదే. గ్యాస్ పొయ్యి మీద పెట్టే ప్రయత్నం అసలు చేయవద్దు.

రంగులు వేయవచ్చా?

కాలిన తరువాత బయటి వైపు యాక్రిలిక్ రంగులు వేసుకోవచ్చు. లోపలి వైపు, పై అంచు దగ్గర వద్దు. వేడికి వాసన వస్తుంది, పొరలూడుతుంది. నన్నడిగితే రంగే వద్దంటాను. సబ్బు పాకం దాటుతున్నప్పుడు నీళ్లలో కలిపిన జాజు పూసి, నున్నటి గులకరాయితో గుండ్రంగా రుద్దండి. కాలాక వచ్చే ఎరుపు, మెరుపు ఏ డబ్బాలోనూ దొరకవు. మట్టిలోని ఇనుమే ఆ ఎరుపు.

నల్లటి లాంతరు కావాలంటే?

అదే మట్టి, అదే ఇనుము. గాలి ఆడకుండా పొగలో కాలిస్తే నల్లబడుతుంది. నిజామాబాద్ నల్ల కుండలని పేరు విని మన నిజామాబాద్ వెళ్దామనుకునేవారు ఉంటారు. ఆ నిజామాబాద్ ఉత్తరప్రదేశ్‌లో, ఆజంగఢ్ జిల్లాలో ఉంది. మా కరెంటు ఆవంలో పొగ పెడితే తీగలు పాడవుతాయి కాబట్టి ఇక్కడ చేయం.

లోపల నూనె దీపమా, కొవ్వొత్తా, ఎల్‌ఈడీనా?

మూడూ పెట్టవచ్చు. నూనె దీపమైతే ప్రమిదను ముందు రోజు రాత్రి నీళ్లలో నానబెట్టండి, లేకపోతే వత్తికంటే ముందు మట్టే నూనె తాగుతుంది. లాంతరు అడుగున చిన్న పళ్లెం ఉంచండి, నూనె మరక దిగితే కాల్చిన మట్టి నుంచి పోదు. జ్వాలకు గాలి కావాలి. అందుకే అడుగుకు కాస్త పైన మూడు చిన్న చిల్లులు ప్రతి లాంతరుకూ తప్పనిసరిగా పొడిపిస్తాను. పైభాగం తెరిచే ఉంటుంది. మూత చేసుకుంటామని పట్టుబట్టేవారు అందులో పెద్ద రంధ్రం కోయాలి. గాలి ఆడని లాంతరులో దీపం మసి కక్కుతుంది, కాసేపటికి కొండెక్కుతుంది.

వెలిగించి వదిలేసి వెళ్లవద్దు. పైన కర్టెన్, పక్కన ఎండు పూల తోరణం ఉండకూడదు. చిన్న పిల్లలున్న ఇంట్లో ఎల్‌ఈడీ పెట్టండి. నేను నువ్వుల నూనె పక్షం, మా ఇంట్లో పిల్లి వచ్చాక ఎల్‌ఈడీకి మారాను.

వేలాడదీయవచ్చా?

ముందే చెప్పాలి. పై అంచుకు ఒకటిన్నర సెంటీమీటర్ల కింద సమాన దూరంలో మూడు రంధ్రాలు కోయిస్తాను. లోపల జ్వాల పెడితే జనపనార తాడు, నైలాన్ దారం పనికిరావు, సన్నటి ఇనుప తీగే కట్టాలి. కాలాక లాంతరు కిలోకు కాస్త తక్కువ తూగుతుంది. కొక్కెం గట్టిగా ఉందో లేదో ముందు చూసుకోండి.

చిల్లుల లాంతరు మన సంప్రదాయమేనా, విదేశీ సరుకా?

కార్తీక మాసంలో సాయంత్రం శివాలయానికి వెళ్లి తల పైకెత్తి చూడండి. చిల్లులు పెట్టిన లోహపాత్రలో దీపం ఉంచి, తాడుతో ధ్వజస్తంభం మీదికి లాగుతారు. అదే ఆకాశదీపం. గాలికి ఆరకూడదు, వెలుగు బయటికి రావాలి. ఈ రెండు అవసరాలూ కలిస్తే చిల్లుల పాత్ర పుడుతుంది. గుజరాత్‌లో నవరాత్రులకు దీపం పెట్టే చిల్లుల మట్టికుండ కూడా ఇలాంటిదే. దాని చుట్టూ ఆడే ఆటనే గర్బా అంటారు. లాంతరు అన్న మాట బయటి నుంచి వచ్చింది గానీ, వస్తువు కొత్తది కాదు.

పిల్లలను తీసుకురావచ్చా?

ఎనిమిదేళ్లు దాటినవారిని. కత్తి పని పక్కన పెద్దవారు ఉండగానే.

చేతులు సింకులో కడుక్కోవచ్చా?

దయచేసి వద్దు. మూలన బకెట్టు ఉంది. మట్టి అడుక్కు దిగాక నీళ్లు వంపి, ఆ మట్టిని మళ్లీ వాడతాం. సింకులో పోస్తే పైపు పూడుతుంది, ప్లంబరు వస్తాడు, ఆయన పైపులు మేం లాంతర్లకు వాడుతున్నామని చూసి నవ్వుతాడు. బల్ల మీది ఎండు మట్టిని చీపురుతో ఊడ్చవద్దు, తడిబట్టతో తుడవండి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు.

బయట వాకిట్లో, వానలో ఉంచవచ్చా?

వానకు కరగదు, కాని నీరు పీల్చుకుని నాచు పడుతుంది. వసారా మంచిది.

ఊరికి ఎలా తీసుకెళ్లాలి?

కుమ్మరికి ఏడాది పని, గుదియకు ఒక్క పెట్టు. అంచు పట్టుకుని ఎత్తవద్దు, అడుగున చేయి వేసి ఎత్తండి. లోపల నలిపిన కాగితాలు నింపి, నూలు చీరలో చుట్టి, చేతి సంచిలో ఒళ్లో పెట్టుకోండి. విదేశాలకు తీసుకెళ్లేవారు కూడా విమానంలో పెట్టెలో వేయకుండా చేతి సామానులోనే ఉంచుకోవడం మంచిది. ఇంటికి చేరాక వేలి కణుపుతో మెల్లగా కొట్టండి. ఖంగుమంటే క్షేమం. ఓటికుండలా డొల్లుగా మోగితే కంటికి కనిపించని బీట ఎక్కడో ఉంది, అందులో ఎల్‌ఈడీ మాత్రమే పెట్టండి.

ఆవంలో నా లాంతరు విరిగితే?

మరో రెండు కిలోల మట్టి ఇస్తాం, తరువాతి బ్యాచ్‌లో కూర్చుని చేసుకోవచ్చు. దానికి మళ్లీ ఫీజు ఉండదు. విరిగిన ముక్కలు మేం పారేయం. రోట్లో దంచి, జల్లించి, వచ్చే ఏడాది మట్టిలో కలుపుతాం. మీ ముక్కలు మీకే కావాలంటే పూలకుండీల అడుగున వేసుకోవడానికి తీసుకెళ్లండి. పెంకుల గోనెసంచి తలుపు వెనకే ఉంటుంది.